పెట్టె మీద ‘బిగినర్’ అని రాసుంది: ఫోమ్ జెట్టుతో రెండున్నరేళ్ళు

మొన్న ఆదివారంతో నా రిమోట్ జెట్టు విమానం 212 సార్లు ఎగిరింది. నోటి లెక్క కాదు. షాపులో కాయిల్ చుట్లు రాసుకునే రూళ్ళ నోటుబుక్కు వెనక పేజీల్లో తేదీ, గాలి, ఏ బ్యాటరీ, ఎట్లా దిగింది అని నాలుగు గళ్ళు గీసి రాస్తూ వచ్చాను. ‘ఎట్లా దిగింది’ గడిలో మొదటి ఆరు వరసల్లోనూ ఒకటే మాట: పడింది. ఏడో వరసలో ‘దిగింది, ముక్కు చొట్ట’.

నాది తిరుపతిలో మోటార్ రివైండింగ్ షాపు. పొద్దున లేస్తే బోరు మోటార్లు, మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు. రిమోట్ విమానాల పిచ్చి అంతకు ముందు రెండేళ్ళ నుంచే ఉంది, కాకపోతే అది ముక్కుకి ప్రొపెల్లరుండే మామూలు ఫోమ్ ట్రైనరు. 2023 సంక్రాంతి అయ్యాక ఈ జెట్టు తెప్పించాను. కంపెనీ పేరు రాయను. ఇదే కొలతలతో ఇట్లాంటివి రకరకాల పేర్ల మీద దొరుకుతున్నాయి, నేను చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు వాటన్నిటికీ వర్తిస్తాయి. పెట్టె మీద మాత్రం పెద్దక్షరాలతో ‘బిగినర్’ అని ఉంది. రెండేళ్ళు రిమోట్ స్టిక్కులు తిప్పిన చేతికే ఆరుసార్లు పడిందంటే ఆ మాటను ఎంతవరకు నమ్మాలో చూడండి.

వస్తువేమిటంటే: ఒళ్ళంతా ఈపీవో అనే తేలికైన గట్టి ఫోమ్, రెక్కల వెడల్పు 90 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి మా షాపు తూకంలో 760 గ్రాములు. కడుపులో 64 మిల్లీమీటర్ల ఫ్యాన్, దాని వెనక వేలంత బ్రష్‌లెస్ మోటారు. చక్రాలు లేవు. చేత్తో విసరాలి, పొట్ట మీద దింపాలి. వోల్టుకి నిమిషానికి 3,500 సార్లు తిరుగుతుందని మోటారు మీద రాసుంది. నాలుగు సెల్లుల బ్యాటరీ 14.8 వోల్టులు, గుణిస్తే నిమిషానికి 51,800. లోడు పడితే అంత రాదనుకోండి. అయినా నా చేతుల మీదుగా పోయే పంపు మోటారు 2,880 తిరుగుతుంది. మొదటిసారి బల్ల మీద బిగించి థ్రాటిల్ (మోటారు వేగం పెంచే స్టిక్కు) పూర్తిగా తోస్తే షాపు ముందు టీ తాగుతున్న వాళ్ళు లేచి నిలబడ్డారు.

బిగించడం రెండు సాయంత్రాల పని. రెక్కలు, తోక అతికించి, కడ్డీలు తగిలించడమే. ఇక్కడ తొందరపడేది సర్వోల దగ్గర, అంటే రెక్కల, తోక పలకల్ని కదిపే బుల్లి మోటార్ల దగ్గర. సర్వోకి కరెంటిచ్చి, స్టిక్కు, దాన్ని సన్నగా సవరించే ట్రిమ్ము మధ్యలో పెట్టి, అప్పుడు సర్వో మీది చిన్న చెయ్యి (ఆర్ము) బిగించాలి. ముందే బిగించేస్తే అటు పది డిగ్రీలు, ఇటు ముప్పై డిగ్రీలు తిరిగే ఎలివేటరు (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) తయారవుతుంది. బరువు మధ్యబిందువుకి రెక్క కింద రెండు చిన్న బుడిపెలు అచ్చులోనే పోశారు, ఆ పని మాత్రం మెచ్చుకోవాలి. రెండు వేళ్ళ మీద నిలబెట్టి బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరుపుకోవడమే. నేను ఆ గుర్తుకి అయిదు మిల్లీమీటర్లు ముందుకే పెడతాను. కొత్త చేతికి ముక్కు కాస్త బరువుగా ఉంటేనే మేలు.

గ్లూ గురించి ఒక మాట. షాపులో ఉందని వేడి జిగురు గన్నుతో సర్వోలు అతికించాను. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం కారు డిక్కీలో రెండు గంటలుంది, తీసి చూస్తే మూడు సర్వోలు ఊడి తీగలకి వేలాడుతున్నాయి. మన ఎండలకి ఆ జిగురు పనికిరాదు. ఫోమ్ గ్లూ తెచ్చుకుని ఒక రాత్రి ఆరనివ్వండి.

రెండో ఎగురుడు పడింది పూర్తిగా నా తప్పు వల్లే, అందుకే వివరంగా చెబుతాను. ఇందులో రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవరు లోపలే గైరో ఉంటుంది. గాలికి విమానం వంగితే తనంతట తనే సరిచేస్తుంది. సర్వో తిరిగే దిక్కు రేడియోలో, అంటే చేతిలోని రిమోట్లో, మార్చుకోవచ్చు, కానీ గైరో దిక్కు వేరే, దానికి రిసీవరు మీద వేరే స్విచ్చుంది. నేను స్టిక్కు కదిపి చూసి, అన్నీ సరిగానే ఉన్నాయని తృప్తిపడ్డాను. విమానాన్ని చేతిలో పట్టుకుని వంచి చూడలేదు. కుడి రెక్క కిందికి వంచితే కుడి ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి దిగాలి, ఆ రెక్కను ఎత్తడానికి. ముక్కు కిందికి వంచితే ఎలివేటరు పైకి లేవాలి. నాది కుడికి వంచితే ఇంకా కుడికి పడేసేట్టు తిరుగుతోంది. చెయ్యి వదలగానే విమానం గిర్రున మూడు పల్టీలు కొట్టి, తల కిందులుగా నేలలో దిగబడింది. ఇప్పుడు మొదట చేసే పని అదే, ఎన్నోసారైనా సరే.

మొదటి పడడం అంతకన్నా పాఠం. మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, విసిరేది వాడు. వాడు విసిరాడు, విమానం కొంచెం కిందికి జారింది. ట్రైనరు అలవాటున్న చేయి కదా, నేను వెంటనే ఎలివేటరు లాగేశాను. ముక్కు ఆకాశం చూసింది, విమానం మాత్రం ముందుకు పోలేదు. రెండు క్షణాలు అట్లాగే నిలబడి పక్కకి ఒరిగి పడిపోయింది.

“మామా, నువ్వు ముందే లాగేసినావు. అది పాకతా ఉండాది, ఎక్కమంటే యాడ ఎక్కుతుంది?” అన్నాడు వాడు.

నూటికి నూరు పాళ్ళు వాడన్నదే. ముక్కుకి ప్రొపెల్లరున్న విమానంలో ఆ గాలి రెక్కల మొదళ్ళ మీదుగా, తోక మీదుగా కొడుతుంది. విమానం నిదానంగా పోతున్నా ఎలివేటరుకి పట్టు దొరుకుతుంది. జెట్టులో ఫ్యాన్ గాలంతా గొట్టంలోంచి వెనక్కి పోతుంది, తోకకి అందదు. విమానం తనంతట వేగం అందుకునేదాకా నీ స్టిక్కుకి అది జవాబివ్వదు. పైగా ఫ్యాను కూడా థ్రాటిల్ తోసిన వెంటనే అందుకోదు. సగం కింద నుంచి పూర్తికి రావడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ ఒక్క సెకను చేతికి అలవాటు కావడానికి నాకు నలభై ఎగురుళ్ళు పట్టాయి. పెట్టె మీద రాయాల్సింది అది.

విసరడం వేరే విద్య. మనవాళ్ళకి క్రికెట్ బంతి విసిరే అలవాటు, చెయ్యి ఆటోమేటిగ్గా పైకి పోతుంది. ముక్కు ఎక్కువ లేచిందంటే అక్కడే వేగం చచ్చిపోతుంది. గాలికి ఎదురు నిలబడి, థ్రాటిల్ పూర్తిగా తోసి, ఫ్యాను కూత నిలకడ పడ్డాక, నేలకి సమాంతరంగా, అంటే ఎదురుగా నిలబడ్డ మనిషి తల మీదుగా పోయేట్టు, గట్టిగా తోయాలి. తర్వాత రెండు సెకన్లు ఏమీ ముట్టుకోకూడదు. ఒక మంచి సంగతి: వెనక ప్రొపెల్లరుండే ఫోమ్ జెట్లు విసిరితే వేళ్ళు తెగే ప్రమాదముంది, ఇందులో ఫ్యాను కడుపులో ఉంటుంది కాబట్టి పిల్లాడి చేతికి ధైర్యంగా ఇస్తాను.

ఎక్కడ ఎగరేస్తామన్నది తిరుపతిలో పెద్ద ప్రశ్నే. తిరుమల కొండ మీద డ్రోన్లకీ ఇట్లాంటి వాటికీ అనుమతి లేదు, ఆ వైపు ఆలోచనే పెట్టుకోవద్దు. తూర్పున రేణిగుంటలో విమానాశ్రయం. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్లు దాటితేగాని గ్రీన్ జోన్, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేసుకునే జాగా, రాదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే, ఆ అవతల 400 అడుగుల వరకు. ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవచ్చు. అందుకే నేను పడమటికి, చంద్రగిరి దాటి, ఎండిన చెరువులోకి పోతాను. ఆ చెరువు కింది రైతుతో ముందే మాట్లాడుకున్నాం. ఒకసారి చెనిక్కాయ చేలో పడితే తొక్కకుండా సాళ్ళ వెంబడి పోయి తెచ్చుకున్నాం, ఆ మర్యాద వల్లే ఇప్పటికీ రానిస్తున్నాడు. అక్కడ గొర్రెలు మేపే పెద్దాయన ఒకరుంటారు. మొదటి రోజు చూసి, “ఇంత సద్దు చేసి ఇంతలోనే దిగేసినాదే సామీ!” అన్నారు. ఈ జెట్టు మీద అంత సూటి సమీక్ష నేను రాయలేను.

ఎందుకంటే ఎగిరేది మూడు నిమిషాలు. బ్యాటరీ 2,200 మిల్లీయాంప్-అవర్లు, పూర్తి థ్రాటిల్లో 40 యాంపులు లాగుతుంది. లెక్కేస్తే 3.3 నిమిషాలకి ఖాళీ. పూర్తిగా ఖాళీ చేస్తే ఈ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ చస్తుంది, కాబట్టి మూడొంతుల్లో రెండొంతుల థ్రాటిల్లో తిప్పుతూ టైమరు మూడు నిమిషాలకి పెట్టాను. దిగాక చార్జరు 1,600 నుంచి 1,700 దాకా తిరిగి నింపుతుంది, అంటే దాదాపు నాలుగింట మూడొంతులు వాడినట్టు. నాలుగు బ్యాటరీలు తీసుకుపోతే గంటన్నర అక్కడ గడిపి పన్నెండు నిమిషాలు ఎగరేసి ఇంటికొస్తాం. ఈ లెక్క నచ్చనివాళ్ళు గ్లైడరు కొనుక్కోండి.

అసలు ఖర్చు కూడా బ్యాటరీలే. జెట్టు నాకు 17 వేల చిల్లర పడింది. రెండున్నరేళ్ళలో బ్యాటరీలకి పెట్టింది దాదాపు అంతే. అందులో రెండు నా అశ్రద్ధకి పోయాయి. మే నెలలో ‘రేపు పొద్దున పోదాం’ అని నాలుగూ నిండా చార్జి చేసి పెట్టాను. పెళ్ళికని కాళహస్తి పోయి అయిదు రోజులకి వచ్చాను. రేకుల షెడ్డు వేడికి రెండు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఎగరేయని రోజుల్లో సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి, చార్జర్లో ‘స్టోరేజ్’ అన్న మీట దానికే. ఇప్పుడు చార్జింగు మిద్దె మీద, ఇసుక పోసిన మట్టి తొట్టిలో, పక్కన మనిషుండగానే.

ఎండ ఇంకో రకంగానూ దెబ్బతీస్తుంది. తెల్లవారి 25 డిగ్రీలప్పటికీ మధ్యాహ్నం 42 డిగ్రీలప్పటికీ గాలి సాంద్రత అయిదు శాతం పైగా తగ్గుతుంది. అంకె చిన్నదే గానీ ఇంత బొటాబొటి తోపుడు బలం మీద బతికే విమానానికి, విసిరిన ఆ రెండు సెకన్లలో, బాగా తెలుస్తుంది. పొద్దున ఆరు నుంచి ఏడున్నర లోపలే మా పని. ఆషాఢం గాలి మొదలైతే పెట్టె తెరవను. కార్తీకంలో వానలు, చెరువులో నీళ్ళు. మొత్తం మీద ఏడాదికి ఏడు నెలలు.

స్వర్ణముఖి ఇసుకలో మెత్తగా దిగుతుంది కదా అని ఒకసారి అక్కడికి పోయాం. మెత్తగానే దిగింది, కానీ దిగుతూ దిగుతూ ముందున్న రంధ్రంలోంచి గుప్పెడు ఇసుక మింగింది. నేను థ్రాటిల్ మూయడం ఆలస్యమైంది. గర్రుమన్న శబ్దం, వెనకాలే వార్నిష్ కాలిన వాసన. ఆ వాసనతోనే నేను అన్నం తింటాను, అయినా ఆ రోజు కడుపులో తిప్పింది. ఫ్యాను, మోటారు కలిపి కొత్తది వేశాను. ఇప్పుడు మోకాలెత్తు నుంచి థ్రాటిల్ సున్నా. అంతకు ముందు మాత్రం మూడో వంతు థ్రాటిల్ వదలకుండానే కిందికి తెస్తాను. పూర్తిగా మూస్తే మళ్ళీ లేవాలనుకున్నప్పుడు ఆ ఒక్క సెకను చాలదు.

ఫోమ్ మాత్రం ఎన్ని దెబ్బలు తిన్నా ఓర్చుకునే జాతి. చొట్టలు పడ్డ ముక్కుని ఆవిరి పట్టిస్తే లేస్తుంది. మా ఇంట్లో ఇడ్లీ కుండ మూత తీసి, ఆవిరికి ఒక జానెడు పైన ముక్కుని ఇరవై సెకన్లు తిప్పుతూ పట్టుకుంటాను. కళ్ళముందే, పిండి పొంగినట్టు, గుంట నింపాదిగా పైకొస్తుంది. నునుపు పోయి సగ్గుబియ్యం లాగా చిన్న చిన్న గుళ్ళు తేలతాయి, రంగు అక్కడక్కడా పగులుతుంది, అది ఇంక పోదు. మా అమ్మ మొదటిసారి చూసి, “ఇడ్లీ కుండలో విమానాన్ని ఉడకబెట్టేవోణ్ణి నేను యాడా చూళ్ళేదు” అని కుండను మూడుసార్లు తోమించింది. ఆ తర్వాత నేనే పాతదొకటి వేరే కొనుక్కున్నాను. పొట్ట మాత్రం ఎండిన చెరువు పెళ్ళలకి గీసుకుని అరుగుతుంది. కింద నారలున్న ప్యాకింగు టేపు రెండు వరసలు అంటించి, ఇరవై ఎగురుళ్ళకోసారి మారుస్తున్నాను.

ఇన్ని చెప్పాక అమ్మేశావా అంటే, లేదు. గాలిలోకి ఎక్కాక దీని తీరే వేరు. పొద్దుటెండలో ఆ కూతతో తల మీదుగా తేలి పోతుంటే, చెరువు కట్ట మీద బండి ఆపి చూడని మనిషి లేడు. మావాడికి ఇది వాయుసేన సూర్యకిరణ్ విన్యాసాల దళం హాక్ విమానమే. మలుపులో ముక్కు జారదు, గైరో ఉంటే చిన్న గాలికి చలించదు, పల్టీ కొట్టిస్తే గీత గీసినట్టు కొడుతుంది. విడి భాగాలు దొరుకుతున్నాయి, కాకపోతే రావడానికి మూడు వారాలు. అందుకే ముక్కు, తోక ఒక్కోటి అదనంగా పెట్టుకున్నాను.

రేడియో ఎప్పుడూ పట్టనివాళ్ళు మాత్రం దీన్ని మొదటి విమానంగా కొనొద్దు. పెట్టె ఏమన్నా సరే. ముందు వెయ్యి రూపాయల ఫోమ్ షీట్లతో, ముక్కుకి ప్రొపెల్లరుండేది ఒకటి చేసుకుని, దాన్ని తుక్కు తుక్కు చేశాక రండి. చిన్న గ్రౌండు, చుట్టూ ఇళ్ళు ఉన్నవాళ్ళు అసలే వద్దు. ఇది తిరగడానికి రెండు ఫుట్‌బాల్ మైదానాల జాగా కావాలి, పడేటప్పుడు ఎక్కడ పడాలో మనల్ని అడగదు.

మావాడు ఇప్పుడు విసరనంటున్నాడు. రేడియో వాడి చేతికిచ్చి నేను విసరాలంట. మూడుసార్లు ఇచ్చాను, నోటుబుక్కులో ఆ మూడు వరసలూ వాడే రాశాడు: ‘పడింది’, ‘పడింది’, ‘దిగింది (మామ సరిగ్గా విసరలేదు)’. ఫ్యాను బేరింగు మళ్ళీ సన్నగా కీచుమంటోంది, షాపులో ఆ కొలత బేరింగు లేదు. ఆర్డరు పెట్టాను.