క్రీట్‌లో వారం రోజుల విల్లా: బుక్ చేసే ముందు మెట్లు ఎన్నో అడగండి

కారు ఆపే చోటు నుంచి ఇంటి గుమ్మం దాకా 31 మెట్లు. హాల్లోంచి, అమ్మా నాన్నల కోసం మేము అడిగి మరీ తీసుకున్న గ్రౌండ్ ఫ్లోర్ బెడ్‌రూమ్‌కి కిందికి ఇంకో 14. మొత్తం 45. ఈ లెక్క నాకు చెప్పింది మా నాన్న. రెండో రోజు పొద్దున్నే మంచం అంచున కూర్చుని మోకాలికి బామ్ రాసుకుంటూ చెప్పారు. ఆయన ఫిర్యాదులు చేసే మనిషి కాదు. "ఇల్లు బావుందమ్మా, గాలి బాగా వస్తోంది" అన్నారు. కానీ ఆ రోజు, ఆ మర్నాడు ఆయన గడప దాటలేదు. తెనాలి నుంచి ఇంత దూరం రప్పించి, గ్రీస్ చూపిస్తామని చెప్పి, ఒక గదిలో కూర్చోబెట్టాం. ఆ బాధ నాకింకా తగ్గలేదు. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే మీకు ఇలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

మేము మ్యూనిక్‌లో ఉంటాం. 2025 జూన్‌లో అమ్మా నాన్నలు మా దగ్గరికి వచ్చారు. జర్మనీ ఇచ్చిన షెంజెన్ వీసా గ్రీస్‌కీ పనికొస్తుంది కాబట్టి వేరే వీసా గొడవ లేదు. పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి ఆరు. ఆరుగురం హోటల్లో రెండు మూడు గదులు తీసుకునే బదులు వంటిల్లున్న ఇల్లు తీసుకుంటే అమ్మ చేతి అన్నం తినొచ్చు, పిల్లలకి స్విమ్మింగ్ పూల్ ఉంటుంది అనుకున్నాం. గ్రీస్‌లోని క్రీట్ దీవి అని పట్టుబట్టింది నేనే. సముద్రం, కొండలు ఒకే చోట ఉంటాయని. మ్యూనిక్ నుంచి అక్కడి హనియా నగరానికి నేరుగా విమానం ఉంది, మూడు గంటలు కూడా పట్టదు. టికెట్లు బ్యాగులతో కలిపి ఆరుగురికి 1,620 యూరోలు. ఏడు సీట్ల కారు వారానికి, టైర్లకీ కారు అడుగుభాగానికీ కూడా వర్తించే ఇన్సూరెన్స్‌తో 540. విల్లా రాత్రికి 215 చొప్పున 1,505, క్లీనింగ్ 95, కలిపి 1,600. పైన 300 డిపాజిట్. ఏ ఊళ్ళోనో, ఎవరిదో చెప్పను. హనియాకి తూర్పున అపోకోరోనాస్ అనే ప్రాంతంలో, కొండవాలు మీద ఉన్న ఒక చిన్న పల్లెలో అనుకోండి.

ఫోటోల్లో పూల్ అంచు దాటితే నీలం సముద్రమే. ఆ ఫోటోలు అబద్ధం కాదు, సముద్రం నిజంగానే కనిపిస్తుంది. "బీచ్ 4 కి.మీ." అని రాసింది చూసి మేము మోసపోయాం. అది కాకి ఎగిరే దూరం. కారులో వెళ్తే 13 కిలోమీటర్లు, 28 నిమిషాలు. నేను ఫోన్‌లో టైమ్ చూసి మరీ చెబుతున్నాను. క్రీట్ తూర్పు నుంచి పడమరకి సుమారు 260 కిలోమీటర్లు పొడవుంటుంది కానీ, ఉత్తరం నుంచి దక్షిణానికి ఎక్కడా 60 కిలోమీటర్లు మించదు. ఆ ఇరుకులోనే రెండున్నర వేల మీటర్ల దగ్గరికి వెళ్ళే కొండలు. ప్సిలోరీటిస్ శిఖరం 2,456 మీటర్లు, మా ఇంటి వెనక కనిపించే లెఫ్కా ఓరి, అంటే తెల్ల కొండల్లో, పాఖ్నెస్ శిఖరం 2,453. రెండింటికీ తేడా మూడు మీటర్లే. జూన్‌లో కూడా పైన గీతలు గీతలుగా మంచు కనబడింది. అలాంటి దీవిలో కిలోమీటర్లు చూసి ప్లాన్ వేయకండి, నిమిషాలు చూడండి. మ్యాప్ చూపించిన నిమిషాల మీద ఇంకో పావు వంతు వేసుకోండి. మలుపు మలుపుకీ మేకలు అడ్డొస్తాయి. బాబుకి రెండుసార్లు వాంతి అయింది. మా ఆయన ప్రతి సాయంత్రం స్టీరింగ్ వదిలి దిగేసరికి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

మెయిన్ రోడ్డు మీద ఒక పద్ధతి ముందే తెలుసుకోండి. అక్కడ నెమ్మదిగా వెళ్ళే బండి తెల్లగీత దాటి రోడ్డు పక్కకి జరిగి, వెనకవాళ్ళకి దారి ఇస్తుంది. మొదటి రోజు అది తెలియక మా వెనక అందరూ హారన్లు కొడుతుంటే టెన్షన్ పడిపోయాం.

ఇక డబ్బు సంగతి. రాత్రి పదిన్నరకి చేరాం. మేనేజర్ టార్చి వేసి మెట్లు చూపించాడు. మా ఆయనా నేనూ నాన్నని చెరోవైపు పట్టుకుని ఎక్కించాం. పిల్లలు నిద్రలో తూలుతున్నారు. అప్పుడు, ఆ అలసటలో, ఒక కాగితం చేతిలో పెట్టాడు. ప్రభుత్వ పన్ను రోజుకి 15 చొప్పున 105. పూల్ నీళ్ళు వేడి చేసినందుకు రోజుకి 35, కనీసం మూడు రోజులు, 105. ఏసీకి రోజుకి 8 చొప్పున 56. మొత్తం 266 యూరోలు, క్యాష్‌గా, ఇప్పుడే. నా పర్సులో అంత లేదు, పొద్దున ఇస్తానన్నాను. అతని ముఖం మారిపోయింది. వైఫై పాస్‌వర్డ్ కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఇందులో పన్ను మాత్రం న్యాయమైనదే. వాతావరణ మార్పుల నష్టాల కోసమని గ్రీస్ ప్రభుత్వం వసూలు చేసే రుసుం అది. 2025లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా 80 చదరపు మీటర్లు దాటిన విడి ఇళ్ళకి రాత్రికి 15 యూరోలు. మనిషికి కాదు, ఇంటికి. బుకింగ్ రేటులో సాధారణంగా కలిసి ఉండదు, కాబట్టి మీ బడ్జెట్‌లో ముందే రాసుకోండి. పూల్ వేడి, ఏసీ చార్జీలు మాత్రం నేను చదివిన పేజీలో ఎక్కడా లేవు. మూడుసార్లు తిరగేసి చూశాను.

ఈ చిక్కు విడిపోయింది ఆ రాత్రే మేము తిన్న, ఊళ్ళోని భోజనశాల వల్ల. ఇక్కడి నుంచి నా మనసు మారింది.

పల్లె మధ్యలో పెద్ద చినార్ చెట్టు కింద ఆరు టేబుళ్ళు. వంట చేసేది డెబ్భై దాటిన ఒక అవ్వ, వడ్డించేది ఆవిడ కొడుకు. అమ్మ శాకాహారి. గుడ్డు కూడా తినదు. బయట తిండి అంటే భయపడి సంచిలో అటుకులు పెట్టుకుని వచ్చింది. నేను "మాంసం లేకుండా, చేపలు లేకుండా" అని వివరిస్తుంటే ఆ అబ్బాయి "నిస్తీసిమో?" అని అడిగాడు. గ్రీకు క్రైస్తవులు ఉపవాస దినాల్లో తినే తిండికి ఆ పేరు. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. వాళ్ళు ఏడాదిలో చాలా రోజులు ఇలా ఉపవాసం ఉంటారు కాబట్టి ఏ పల్లెటూరి వంటింట్లోనైనా ఈ వంటలు తెలుసు. శాకాహారులు ఈ ఒక్క మాట నేర్చుకుని వెళ్ళండి. ఒక్క జాగ్రత్త: ఉపవాసంలో వాళ్ళు రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి తినొచ్చు. అవీ వద్దని విడిగా చెప్పాలి.

ముందు ఫావా వచ్చింది. పసుపుపచ్చ పప్పు మెత్తగా ఉడికించి, మీద పచ్చి ఉల్లిపాయ, నెయ్యికి బదులు ఆలివ్ నూనె. అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని "ముద్దపప్పే" అంది. తర్వాత ఒక పళ్ళెంలో ఉడికించిన ఆకుకూర, లేత కాడలతో సహా, పక్కన నిమ్మచెక్క. వ్లీతా అన్నారు. అమ్మ ఒక కాడ చేత్తో పైకెత్తి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "ఇది మన తోటకూర కదే!" అంది. నిజంగా తోటకూరే. వేసవిలో క్రీట్ అంతా అదే తింటారు. సలాడ్‌లో టమాటాల మధ్య దళసరి ఆకులు, ఎర్రటి కాడలు కనబడ్డాయి. గంగవాయిలి కూర! మన దగ్గర పప్పులో వేసేదాన్ని వాళ్ళు పచ్చిగానే తింటున్నారు. అమ్మ ఆ ఎర్రకాడ నాన్నకి చూపించింది, పిల్లలకి చూపించింది, చివరికి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి అవ్వకి చూపించింది.

ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవదు. అవ్వ అమ్మ చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. పావుగంట తర్వాత ఇద్దరూ వచ్చారు, అమ్మ కొంగులో రెండు కట్టల తోటకూరతో. మర్నాడు విల్లాలో, మ్యూనిక్ నుంచి తెచ్చుకున్న చింతపండుతో, అమ్మ తోటకూర పులుసు పెట్టింది. నాన్న రెండుసార్లు వేయించుకున్నారు. ఒక గిన్నె అవ్వకి పంపాం. అవ్వ అక్కడే నిలబడి రొట్టె ముక్క ముంచుకు తిని, ఇంకో ముక్కతో గిన్నె అడుగు తుడిచింది.

మొదటి రాత్రి ఆరుగురి భోజనానికి 46 యూరోలయ్యాయి. ఫావా, వ్లీతా, బియ్యం కూరిన టమాటాలు, రాజ్మా కన్నా రెండింతలున్న తెల్ల చిక్కుడు గింజలు, గుమ్మడి జాతి కాయ, బంగాళాదుంప, చీజ్ కలిపి కాల్చిన బురేకి అనే వంటకం, రొట్టె. తిన్నాక అడక్కుండానే పుచ్చకాయ ముక్కలు, ఒక చిన్న సీసాలో రకీ అనే ద్రాక్ష సారా టేబుల్ మీద పెట్టారు. క్రీట్‌లో అది అలవాటు, డబ్బు తీసుకోరు. హనియా రేవులో ఇంతకన్నా తక్కువ తిండికి 88 ఇచ్చి, పిల్లలకి ఆకలి తీరక మళ్ళీ ఐస్‌క్రీములు కొన్నాం.

బిల్లు చూస్తుంటే మెనూ చివర ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపించింది. రసీదు ఇవ్వకపోతే కస్టమర్ డబ్బు కట్టనక్కర్లేదని. అవ్వ కొడుకుని అడిగాను. అది చట్టం, ప్రతి చోటా రాసి ఉండాలి అన్నాడు. విల్లా కాగితం చూపిస్తే, "అపోదిక్సి అడగండి, కార్డుతో కడతామనండి, అంతే" అన్నాడు. అపోదిక్సి అంటే రసీదు. పొద్దున మేనేజర్ రాగానే ఆ మాటే అన్నాను. పది నిమిషాల్లో ఏసీ చార్జీ కాగితం మీంచి పోయింది. పూల్ వేడి మేము అడగలేదు కాబట్టి ఆపేస్తామన్నాడు. పన్ను 105 కార్డుతో కట్టి రసీదు తీసుకున్నాం. నీళ్ళు మాత్రం చల్లబడ్డాయి. పాప ఆడుకుంది కానీ బాబు పెదాలు నీలంగా మారి పదే పది నిమిషాల్లో బయటికొచ్చేవాడు. జూన్ మొదట్లో కొండ మీద పూల్ అంటే ఇది ఆలోచించుకోండి. వేడి కావాలంటే బుక్ చేసేటప్పుడే రేటు మెసేజ్‌లో రాయించుకోండి.

హనియా పాత రేవు, దాని లైట్‌హౌస్, కుర్నాస్ సరస్సు, వ్రీసెస్ ఊళ్ళో తేనె వేసిన గట్టి పెరుగు, అన్నీ బాగున్నాయి. మా ఆయన, పాప ఇంబ్రోస్ లోయ నడిచారు. ఎనిమిది కిలోమీటర్లు, అంతా దిగుడే, ఒకచోట రెండు గోడల మధ్య రెండు మీటర్లు కూడా ఉండదు. పాప అరచేతులు చాపి రెండు గోడలూ తాకబోయిన ఫోటో ఫోన్‌లో ఉంది. 16 కిలోమీటర్ల సమరియా లోయ పిల్లలతో వద్దు. కింద సముద్రం చేరాక పడవ ఎక్కి వేరే ఊరు వెళ్ళి బస్సు పట్టుకోవాలి, రోజంతా పోతుంది.

నాలుగో రోజు నాన్నని మెల్లగా దింపి యోర్యూపొలి తీసుకెళ్ళాం. చదునైన ఊరు, పొడవాటి ఇసుక తీరం, కారు దిగితే వంద అడుగుల్లో నీళ్ళు. నాన్న పంచె పైకి కట్టుకుని, బాబు చెయ్యి పట్టుకుని, మోకాళ్ళ లోతు దాకా వెళ్ళారు. గంటసేపు నడిచారు. ఒడ్డుకొచ్చి కూర్చున్నాక, "ఇక్కడే ఇల్లు తీసుకుంటే సరిపోయేది కదమ్మా" అన్నారు. తప్పు పట్టి అనలేదు. అయినా నేను జవాబు చెప్పలేకపోయాను.

కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్తుంటే యోర్యూపొలి, కలీవెస్, అల్మిరీదా లాంటి తీరం ఊళ్ళలో తీసుకోండి. కొండ మీది పల్లెకి భోజనానికి వెళ్ళండి, పడుకోవడానికి కాదు. కుర్రవాళ్ళయితే కొండ మీదే హాయి, సాయంత్రం గాలి చల్లగా ఉంటుంది. బుక్ చేసే ముందు కారు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు అని అడగండి. కొండవాలు ఇళ్ళలో గ్రౌండ్ ఫ్లోర్ అంటే హాలు కింద ఉన్న అంతస్తు కావచ్చు. ఇంటి రిజిస్ట్రేషన్ నంబరు ప్రకటనలో ఉందో లేదో చూడండి, అది లేకుండా అద్దెకి ఇవ్వకూడదు. రాత్రి విమానం వద్దు, ఆ రోడ్లు మొదటిసారి చీకట్లో ఎక్కకండి. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసి ఉంటాయి, శనివారం దిగితే ముందు పాలు, కూరగాయలు కొనుక్కుని కొండెక్కండి. టాయిలెట్ పేపర్ కమోడ్‌లో వేయకూడదు, పక్కన డబ్బాలో వేయాలి. అమ్మకి ఇది చెప్పడానికి నేను చాలా తంటాలు పడ్డాను.

ఖాళీ చేసే రోజు ప్రతి గదినీ వీడియో తీశాను. డిపాజిట్ 17 రోజులకి వచ్చింది, 300కి 260. వంటింటి పాలరాతి బల్ల మీద పసుపు మరక ఉందని 40 పట్టుకున్నారు. మరక మాదే, పులుసు రోజు అమ్మ పోపు డబ్బా ఒరిగింది, ఆ 40 గురించి నేను వాదించలేదు. ఏసీ విషయం మాత్రం వాళ్ళ పేజీలో ఇంకా రాయలేదు. నిన్న కూడా చూశాను.