ఎడిన్‌బరా నుంచి ట్వీడ్‌బ్యాంక్‌కు: తిరిగొచ్చిన రైలు

అమ్మ స్కాట్లాండ్ వచ్చినప్పుడు కోటలకన్నా దక్షిణ సరిహద్దు ప్రాంతానికి వెళ్లే ఈ బోర్డర్స్ రైలే ఆమెకు ఎక్కువ నచ్చింది. సుమారు గంట ప్రయాణం. గోర్‌బ్రిడ్జ్ దాటాక కొండల్లో గొర్రెలు, పక్కనే గాలా వాటర్ ఏరు. రైలు దాన్ని ఎన్నిసార్లు దాటిందో లెక్కపెడుతూ అమ్మ మధ్యలో లెక్క తప్పింది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. కిటికీ సీటు దొరికితే వదలకండి, ఏ పక్కదైనా సరే.

ఈ మార్గాన్ని 1969 జనవరిలో మూసేశారు. ఆఖరి రైలును ట్వీడ్‌బ్యాంక్ దాటాక పాత మార్గంలో వచ్చే న్యూకాసిల్‌టన్ ఊరివాళ్లు లెవెల్ క్రాసింగ్ గేట్లు మూసి ఆపారట; చర్చి పాస్టరునే పోలీసులు అరెస్టు చేశారు! ఆ తర్వాత ఏళ్ల తరబడి పిటిషన్లు, సంతకాలు. చివరికి 2015 సెప్టెంబరులో రైలు తిరిగొచ్చింది, ప్రారంభానికి రాణి ఎలిజబెత్ ఆవిరి ఇంజను బండిలో వచ్చారు.

లోపం ఒక్కటే: చాలా దూరం ఒంటి లైను, ఒక బండి ఆలస్యమైతే ఎదురు బండీ ఆగాల్సిందే. ట్వీడ్‌బ్యాంక్‌తో పట్టాలు అయిపోతాయి. పాత మార్గంలో ఆ తర్వాత వచ్చే హాయిక్ వాళ్లు మాత్రం తమ ఊరికీ రైలు కావాలని ఇంకా అడుగుతూనే ఉన్నారు. "మరి వాళ్లకెప్పుడు?" అంది అమ్మ, టీ ఫ్లాస్కు మూత తిప్పుతూ.