ఎంత కష్టమైందని అడుగుతుంది, ఎందుకని అడగదు

ఇంట్లో సైకిల్‌ని ఇండోర్ ట్రైనర్‌కి బిగించి తొక్కేవాళ్లకి అడాప్టివ్ ప్లాన్ అంటే, అంటే మనం తొక్కిన తీరుని బట్టి రాబోయే వర్కవుట్లను మార్చే యాప్ అంటే, ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఎఫ్‌టీపీ టెస్ట్ (సుమారు గంటసేపు నిలబెట్టగల వాట్లు ఎన్నో తేల్చేది), ఎర్గ్ మోడ్ (పెట్టిన వాట్లను ట్రైనరే పట్టి ఉంచేది), క్యాలెండర్ అన్నీ బానే ఉన్నాయి, వాటి జోలికి పోను. ఈ యాప్ ఇన్నాళ్లు వాడాక నాకు చెప్పాలనిపిస్తున్నది ఒక్క సంగతే: వర్కవుట్ అవగానే తెర మీదకొచ్చే ఆ ప్రశ్న. ఈజీ, మోడరేట్, హార్డ్, వెరీ హార్డ్, ఆల్ అవుట్. ఐదింట్లో ఒకటి నొక్కాలి. రేపు ఏం తొక్కాలన్నది చాలావరకు ఆ నొక్కుడు మీదే ఆధారపడుతుంది.

మొదట్లో ఇది నాకు తెగ నచ్చింది. కాళ్లు ఎన్ని వాట్లు తొక్కాయో పవర్ మీటర్ చెబుతుంది గాని, దానికి ఒళ్లు ఎంత హూనమైందో చెప్పదు. స్వీడన్ మానసిక శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ శ్రమను మనిషినే అడిగి, 6 నుంచి 20 దాకా అంకెల్లో చెప్పించింది ఇందుకే. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన రోజు నేను వెరీ హార్డ్ అంటే తర్వాతి వర్కవుట్ కాస్త మెత్తబడేది. చలికాలమంతా ఇలా సాఫీగా నడిచింది. ఆదివారం గ్రూపుతో ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్తే రుషికొండ దగ్గర ఎత్తుల్లో తేడా కనబడింది. "ఏటి గురూ, ఈమధ్య అస్సలు ఆగట్లేదు!" అన్నాడు పక్కన తొక్కే మిత్రుడు. ఇక కోచ్ అక్కర్లేదు, ఇదొక్కటి చాలని అడిగినవాళ్లందరికీ చెప్పాను.

తర్వాత మే నెల వచ్చింది. మన విశాఖలో ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఒక ఎత్తు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే తప్ప ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. గుండె కాళ్లతోపాటు చర్మానికీ రక్తం పంపాలి. అందుకే అవే వాట్లకు గుండె వేగం పెరుగుతూ పోతుంది. బయట తొక్కితే గాలైనా తగులుతుంది. గదిలో మనకున్న గాలల్లా ఫ్యానే.

ఆ నెలలో ఒక రోజు పది నిమిషాల చొప్పున మూడు థ్రెషోల్డ్ ఇంటర్వెల్స్, అంటే ఎఫ్‌టీపీకి దగ్గర వాట్లతో తొక్కే విడతలు. రెండోది సగంలో ఉండగా పెడెస్టల్ ఫ్యాన్ నెమ్మదించి ఆగిపోయింది. కండెన్సర్ పోయిందని తర్వాత తేలింది. ఆ చిన్న గదిలో వేరే ఫ్యాన్ లేదు. ఎర్గ్ మోడ్‌లో ట్రైనర్ వాట్లు తగ్గనివ్వదు కదా, 210 దగ్గరే పట్టి ఉంచింది. గుండె మాత్రం 160 నుంచి 178కి పోయింది. కాళ్లలో ఇంకా సత్తువ ఉంది, ఒళ్లే ఉడికిపోతోంది. పట్టుబట్టి మూడోదీ పూర్తి చేసి, ఆల్ అవుట్ నొక్కాను. ఆ క్షణానికి అది అక్షరాలా నిజం.

మర్నాటికి రాబోయే థ్రెషోల్డ్ వర్కవుట్లన్నీ కిందకి దిగిపోయాయి. మధ్యలో వదిలేసి ఉంటే అలసటా, తిండి సరిపోలేదా, పరికరం ఇబ్బందా అని యాప్ కారణం అడిగేది. పూర్తి చేసినవాణ్ని మాత్రం ఏమీ అడగదు. ఇది నాకు చాలా అన్యాయంగా తోచింది, ఇప్పటికీ అలాగే తోస్తోంది. ఒకే బటన్‌తో రెండు సంగతులు తేల్చేస్తోంది: ఈ మనిషికి ఎంత విశ్రాంతి కావాలి, ఇతని కాళ్లకి ఎంత సత్తా ఉంది. చల్లని రోజుల్లో ఈ రెంటికీ ఒకే జవాబు సరిపోతుంది. ఉక్కలో సరిపోదు. నాకు కావలసింది ఒక రోజు విశ్రాంతి, అది చేసింది నా స్థాయి తగ్గించడం. కొత్త కండెన్సర్ వేయించి తెల్లవారుజామున తొక్కితే ఆ వర్కవుట్లు వార్మప్‌లా ఉన్నాయి. ఈజీ, ఈజీ అని నొక్కుతూ పోతే మెట్టు మెట్టుగా పైకి తెచ్చింది. దించడానికి పట్టింది ఒక్క రాత్రే.

పాత రైడ్ తెరిచి రేటింగ్ మార్చవచ్చని చాలా ఆలస్యంగా కనబడింది. మార్చి చూస్తే ప్లాన్ కూడా దాని ప్రకారం సర్దుకుంటోంది. ఇది నిజంగా మంచి ఏర్పాటు, ఎక్కడో లోపల దాచారు గాని. శిక్షణ భారాన్ని రేటింగ్‌తో లెక్కగట్టే, అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ పద్ధతిలో కూడా వర్కవుట్ ముగిసిన అరగంటకి అడుగుతారు. నేనూ ఇప్పుడు స్నానం చేసి, మజ్జిగ తాగాకే నొక్కుతున్నాను. చివరి ఇంటర్వెల్‌లో కాళ్లు ఎలా ఉన్నాయో గుర్తు తెచ్చుకుని దానికే మార్కు వేస్తాను.

అలాగని వేడిని పూర్తిగా లెక్కలోంచి తీసేయడమూ సరికాదు. ఉక్కకి ఒళ్లు అలవాటుపడటానికి వారం, రెండు వారాలు పడుతుంది, ఆ శ్రమా శ్రమే. అందుకని ఆ రోజుల్లో రేటింగ్ కాళ్లకి ఇచ్చి, విశ్రాంతి రోజు నేనే చేత్తో పెట్టుకుంటున్నాను. అంత పని మనమే చేసుకుంటున్నప్పుడు ప్లాన్ దానంతటదే సర్దుకుంటుందన్న మాటకి విలువ కొంత తగ్గినట్టే.

ఏసీ గదిలో, రోజూ ఒకే వేళకి తొక్కేవాళ్లయితే నిస్సంకోచంగా తీసుకోండి, ఈ గొడవ మీకు ఎదురుకాకపోవచ్చు. నాది షిఫ్టుల ఉద్యోగం, ట్రైనర్ పెట్టింది పడమటి ఎండ కొట్టే గదిలో. చందా అక్టోబరు నుంచి మార్చి దాకా నెలనెలా కడతాను. ఏడాదికి ఒకేసారి కట్టమంటే మాత్రం, పూర్తి చేసిన వర్కవుట్‌కి కూడా "వేడి వల్లా?" అని అడిగే రోజు వచ్చాక చూస్తాను.