పళ్ల క్లిప్పులు: లాభం కింది వరసలో, తంటా దాని వెనక తీగతో

క్లిప్పులతో నవ్వు బాగుపడుతుందన్నది అందరూ చెప్పేదే. నాకు నచ్చింది కింది ముందుపళ్ల మార్పు. ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నప్పుడు ఆ సందుల్లోకి బ్రష్ దూరేది కాదు. స్కేలింగ్ చేయించిన కొన్నాళ్లకే గార పట్టేది, తోముతుంటే రక్తం. వరస కుదిరాక ఫ్లాస్ (పళ్ల సందులు తుడిచే దారం) తెగకుండా ఆడుతోంది, రక్తం ఆగింది. పైవరస అందం దీని ముందు దిగదుడుపే.

ఆ సుఖం పూర్తిగా దక్కనివ్వనిది క్లిప్పులు తీశాక లోపలివైపు అతికించే రిటైనర్ తీగ. పళ్లు పాత చోటికి జరక్కుండా కోరపన్ను నుంచి కోరపన్ను దాకా ఆరింటికీ కాంపోజిట్ (పళ్లకు పట్టించి గట్టిపరిచే పదార్థం) చుక్కలతో అంటిస్తారు. నాలుక కింద లాలాజలం ఊరేది అక్కడే కాబట్టి గార కూడా అక్కడే పేరుకుంటుంది. మామూలు ఫ్లాస్ పైనుంచి దిగదు. గట్టి కొస ఉన్న సూపర్‌ఫ్లాస్‌ను తీగ కిందనుంచి దూర్చి లాగాలి. రక్తం ఆగింది వరస వల్లేనని కూడా అనను, ఈ తీగ పుణ్యమా అని శుభ్రం చేసేదీ ఎక్కువైంది.

అసలు చిక్కు, చుక్క ఊడినా తెలియకపోవడం. ఒక పన్ను దగ్గర ఊడితే మిగతా ఐదూ తీగను పట్టే ఉంచుతాయి, నొప్పీ ఉండదు. వదిలిన ఆ పన్ను మాత్రం మెల్లగా తిరుగుతుంది. చాలాసార్లు కారణం ముందుపళ్లతో కొరకడమే: మా విశాఖ బీచ్ రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తు, చెరుకు ముక్క, గట్టి జంతిక. పొత్తయితే గింజలు ఒలుచుకోవాలి. వారానికోసారి ఒక్కో పన్ను దగ్గరా తీగను గోటితో నొక్కి చూడండి. కదిలినా, టిక్కుమన్నా ఊడినట్టే. ఇంట్లో వంచి సరిచేయబోవద్దు. వంగిన తీగే పన్నును పక్కకి తోస్తుంది. తీసి పెట్టుకునే ప్లాస్టిక్ రిటైనర్ కూడా ఉంటే, అది ఇంకా సరిగ్గా కూర్చుంటుంటే, క్లినిక్‌లో తీగ మళ్లీ అంటించుకునేదాకా అది పెట్టుకోవచ్చు. వేడినీళ్లతో కడిగినా, మే ఎండలో కారులో వదిలినా అది వంకరపోతుంది.

క్లిప్పులున్నన్నాళ్లూ తెల్ల రబ్బర్లు కూరల్లోని పసుపు పీల్చేస్తాయి, బూడిదరంగువి అడగండి.

నాది పన్ను తీయకుండా ముగిసిన చిన్న కేసు, క్లినిక్ ద్వారకానగర్‌లో, ఉండేదీ దగ్గర్లోనే. ఊడితే ఓ సాయంత్రం పోతుంది, అంతే. గాజువాక అవతలివాళ్లూ, చదువుకి వేరే ఊరు వెళ్లబోయేవాళ్లూ తీసి పెట్టుకునే రిటైనర్ కుదురుతుందేమో ముందే అడగాలి. రోజూ పెట్టుకుంటారన్న నమ్మకం లేని పిల్లలకైతే ఈ తీగే దిక్కు.