ఉసిళ్ళా, ఎర్రచీమల పచ్చడా?

పురుగుల్ని తినడమా అని మొహం తిప్పుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఒక్కసారి రుచి చూద్దాం అనుకునేవాళ్ళు మాత్రం దేనితో మొదలుపెట్టాలని అడుగుతుంటారు. మా అనంతపురం వైపు ఉసిళ్ళు, అంటే రెక్కల చెదలు, తింటూ పెరిగాను, ఎర్రచీమల పచ్చడి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో జగదల్‌పూర్ దగ్గరి సంతలో తిన్నాను. కొత్తవాళ్ళకైతే ఉసిళ్ళే మేలు.

తొలకరి వాన వెలిసిన సాయంత్రం పుట్టల్లోంచి రెక్కల చెదలు గుంపులుగా లేస్తాయి. వెలుతురుకు మూగుతాయి కాబట్టి పుట్ట దగ్గర దీపం పెట్టి, దాని కింద వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి ఉంచితే అందులో పడతాయి. వాటిని ఆరబెట్టి, మూకుట్లో వేయించి, చేటలో చెరిగితే రెక్కలన్నీ ఎగిరిపోతాయి. నూనె అక్కర్లేదు, వాటి ఒంట్లో ఉన్న కొవ్వే సరిపోతుంది. ఉప్పూ కారం చల్లి బొరుగుల్లో కలుపుకుంటే కరకరలాడుతూ, వేయించిన వేరుశనగ గింజల్లా కమ్మగా ఉంటాయి. మా అవ్వ బొరుగులకు బదులు వేయించిన బియ్యం కలిపేది. నాకు ఇప్పటికీ అదే ఎక్కువ ఇష్టం.

చీమల పచ్చడి దారి వేరు. మామిడి, సాల్ చెట్ల మీద ఈ చీమలు ఆకుల్ని కలిపి కుట్టుకుని గూళ్ళు కడతాయి. ఆ గూళ్ళు దించి, చీమల్నీ గుడ్లనీ ఉప్పు, మిరపకాయలు, అల్లం, వెల్లుల్లితో పచ్చిగానే నూరతారు. సంతలో ఆకులో పెట్టి ఇచ్చారు. నాలుక మీద పడగానే పులుపు ముక్కుదాకా ఎక్కింది. చింతపండు పులుపు కాదు, నిమ్మకాయదీ కాదు. చీమల్లో ఉండే ఫార్మిక్ ఆమ్లం వల్ల వచ్చే పులుపు అది. అన్నంలో కొద్దిగా నంజుకుంటే నాకు చాలా నచ్చింది. కానీ పచ్చిది కావడం, మధ్యమధ్య కాళ్ళు కనబడటం మొదటిసారి తినేవాళ్ళకు కష్టమే. ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో చేసే ఇలాంటి పచ్చడికి 2024 జనవరిలో జీఐ ట్యాగ్, అంటే ఒక ప్రాంతానికే ప్రత్యేకమైన సరుకుకు ఇచ్చే గుర్తింపు, వచ్చింది. అక్కడి ఆదివాసీలు తరతరాలుగా తింటున్న తిండికి ఆ గౌరవం దక్కిందని విన్నప్పుడు మనసు నిండిపోయింది.

దొరకడంలో మాత్రం చీమలదే పైచేయి. ఉసిళ్ళు ఏడాదికి కొద్ది రోజులే, వాన మొహం చాటేస్తే అదీ లేదు. పచ్చడైతే బస్తర్ వెళ్ళినప్పుడు సంతలో అడిగి కొనుక్కోవచ్చు. గూడు దించే పని సొంతంగా పెట్టుకోకండి, ఆ చీమలు గట్టిగా కుడతాయి.

రొయ్యలు పడనివాళ్ళు రెండూ తినొద్దు. అలర్జీ తెచ్చే అదే రకం ప్రోటీన్ పురుగుల్లోనూ ఉంటుంది. ఉసిళ్ళు పట్టేటప్పుడు మందు కొట్టిన చేల గట్ల మీది పుట్టల జోలికి పోకుండా, బీడు భూముల్లో ఉన్నవాటినే చూసుకోండి.