లెగ్ పీసా, గుండెకాయా, కందనకాయా: ఏ కండ మేలు?

ఆదివారం చికెన్ కొట్టు దగ్గర నిలబడితే, బడిలో చదివిన మూడు రకాల కండరాలూ ఒకే మొద్దు మీద కనబడతాయి. లెగ్ పీస్ రేఖిత (చారలున్న) కండరం, కందనకాయ అరేఖిత (చారల్లేని) కండరం, గుండెకాయ హృదయ కండరం. వీటిలో ఏది గట్టిదంటే చాలామంది కాలి కండకే ఓటేస్తారు. నేను వేయను.

వేగంలో మాత్రం దానికి పోటీ లేదు. నరం నుంచి కబురు అందగానే కండర కణంలో కాల్షియం విడుదలవుతుంది. మయోసిన్ అనే ప్రొటీన్ పోగుల తలలు పక్కనున్న యాక్టిన్ అనే ప్రొటీన్ పోగుల్ని పట్టుకుని లాగుతాయి, నూతిలో చేద తోడేటప్పుడు చేయి మార్చి చేయి తాడు లాగినట్టు. పోగులు పొట్టివైపోవు, ఒకదాని పక్కన ఒకటి జారతాయంతే. 1954లో హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ఈ సంగతి బయటపెట్టారు (ఇంటిపేరు ఒకటే గానీ చుట్టాలు కారు). మయోసిన్ తలలు పట్టు వదలడానికి కూడా ఏటీపీ (కణానికి ఇంధనం లాంటిది) కావాలి. కోసిన కోడి కాసేపటికి బిగుసుకుపోయేది అది అయిపోయాకే.

కాకపోతే ఈ రకం అలిసిపోతుంది. బ్రెస్ట్ పీస్ తెల్లగా ఉండేది అందుకే: గోడెక్కడానికి నాలుగు సార్లు రెక్కలు కొట్టడమే దాని పని. రోజంతా తిరిగే కాలికి ఆక్సిజన్ దాచుకునే మయోగ్లోబిన్ ఎక్కువ, అందుకే ఎరుపు.

గుండెకాయకి నరం వచ్చి చెప్పక్కర్లేదు, కొట్టుకోమనే కబురు దానిలోనే పుడుతుంది. కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి కబురు అన్నిటికీ పాకుతుంది. ఒకసారి బిగిశాక, సడలేదాకా ఇంకో కబురు వినదు. పిక్క పట్టేసినట్టు గుండె పట్టేయకపోవడానికి ఇదే కారణం. నిమిషానికి 72 చొప్పున మన గుండె రోజుకి లక్షకు పైగా కొట్టుకుంటుంది. ఇంత చేసినా ఒక లోటుంది. చచ్చిన కణాల చోట దాదాపుగా మచ్చే మిగులుతుంది, కొత్త కండ రాదు.

ఇక కందనకాయ. కోస్తే లోపల చిన్న చిన్న రాళ్లు, పసుపు పొర. పళ్లు లేని కోడి గింజల్ని నూరుకునే రోలు అది. మైక్రోస్కోపులో చూస్తే లెగ్ పీసులోలా అడ్డచారలుండవు. బిగియడం నిదానం. కానీ ఈ జాతి కండరం ఒకసారి పట్టు పట్టిందంటే చాలా తక్కువ ఏటీపీతో ఎంతోసేపు నిలబడుతుంది. మన రక్తనాళాల గోడల్లో, పేగుల్లో, గర్భసంచిలో ఉన్నది ఈ రకమే. బీపీ అదుపులో ఉండటానికి రక్తనాళాలు గంటల తరబడి బిగిసి ఉండాలి, అలా కాలి కండని ఉండమంటే పది నిమిషాలకే వణికిపోతుంది. పైగా ఈ కణాలు అవసరమైతే చీలి కొత్తవి పుట్టిస్తాయి.

పరుగు పందేనికైతే కాలి కండే. తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం పనికైతే నా లెక్కలో కందనకాయే ముందు. వండేటప్పుడు కూడా అంత తేలిగ్గా లొంగదు: లెగ్ పీసుకి రెండు విజిల్స్ చాలు, దీనికి ఐదారు రావాల్సిందే.