నైట్రో పడవ, పెట్రోల్ పడవ: రెండూ ఏళ్ల తరబడి తిప్పాక

రిమోట్ రేసు పడవ కొనాలనుకుంటున్నాం, నైట్రో ఇంజనా, పెట్రోల్ ఇంజనా అని అడిగేవాళ్లకు నా జవాబు ముందే చెప్పేస్తాను. విశాఖలో ఉంటూ, ఆదివారం పొద్దున్నే వెళ్లి ఎండెక్కేలోపు హాయిగా నాలుగు రౌండ్లు తిప్పుకుని రావాలనుకుంటే పెట్రోలే తీసుకోండి. నైట్రోకి వేగం తక్కువని కాదు. సీసీకి సీసీ లెక్క చూస్తే పెట్రోల్ ఇంజన్ దాని దరిదాపులకు కూడా రాదు. కానీ పడవ నీళ్లలో ఉండేది కాసేపు, ఒడ్డున ఉండేది చాలాసేపు. ఆ ఒడ్డునే నైట్రో మనల్ని ఏడిపిస్తుంది.

నా దగ్గర రెండూ ఉన్నాయి. నైట్రోది 3.5 సీసీ ఇంజన్, మూడడుగులు లేని హల్ (పడవ డొల్ల). స్కూటర్ మీద కాళ్ల దగ్గర నిలబెట్టి తీసుకెళ్లిపోవచ్చు. పెట్రోల్‌ది జపాన్ వాళ్ల జెనోవా జి260, 25.4 సీసీ. హల్ నాలుగడుగులు దాటుతుంది, ఇంజన్ ఒక్కటే రెండు కేజీలకు అటూ ఇటూ. దీనికి కారు కావాలి, వెనక సీటు మడవాలి, పెట్రోల్ వాసన వస్తోందని ఇంట్లో నాలుగు మాటలు పడాలి.

నైట్రో ఇంజన్‌లో స్పార్క్ ఉండదు. గ్లో ప్లగ్‌లో ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలిస్తే అది ఎర్రగా కాలుతుంది. ఇంజన్ అందుకోగానే బ్యాటరీ తీసేస్తాం. ఆ తర్వాత లోపలి వేడి, మిథనాల్ ఆవిరికీ ప్లాటినానికీ మధ్య జరిగే చర్య కలిసి తీగ చల్లారకుండా చూసుకుంటాయి. ఇంధనం అంటే మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన మిశ్రమం. కేజీ పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కేజీల గాలి కావాలి. మిథనాల్‌కి ఆరున్నర కేజీలు చాలు. నైట్రోమీథేన్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి 1.7 కేజీలు సరిపోతుంది. అంటే సిలిండర్లోకి వచ్చిన అదే గాలితో ఎన్నో రెట్ల ఇంధనం కాల్చొచ్చు. చిన్న ఇంజన్‌కి అంత బలం వచ్చేది ఇందుకే, ట్యాంకు ఇట్టే ఖాళీ అయిపోయేదీ ఇందుకే. నా నైట్రో పావు లీటరును ఐదారు నిమిషాల్లో తాగేస్తుంది. పెట్రోల్ పడవ అర లీటరుతో పావుగంటకు పైగా తిరుగుతుంది.

సరే, నైట్రోని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకుందాం. బెల్టును ఫ్లైవీల్ గాడిలో వేసి స్టార్టర్ నొక్కగానే ఇంజన్ ఒక్కసారి దగ్గి అందుకుంటుంది. దీనికి క్లచ్ ఉండదు, ఇంజన్ తిరిగితే ప్రొపెల్లర్ తిరగాల్సిందే. అందుకే ఒకరు పడవను గట్టిగా పట్టుకోవాలి. పదును పెట్టిన ప్రొపెల్లర్ వేళ్లను కోసేయగలదు కాబట్టి ఆ పక్కకి చెయ్యి పోనివ్వకూడదు. నీళ్లలోకి తోశాక మొదటి కొన్ని గజాలు బద్ధకంగా, తడిపొగ కక్కుతూ పోతుంది. తర్వాత చుట్లు ఒక హద్దు దాటగానే గొంతు మారిపోతుంది. ఎగ్జాస్ట్‌కి తగిలించే ట్యూన్డ్ పైపులో వెనక్కి తిరిగొచ్చే పీడన తరంగం, బయటికి జారిపోబోతున్న ఇంధనాన్ని మళ్లీ సిలిండర్లోకి నెట్టేది సరిగ్గా అప్పుడే. నిమిషానికి 25 వేల చుట్లు దాటిన ఆ కేక వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ క్షణానికి పెట్రోల్ పడవలో సాటి వచ్చేది ఏదీ లేదు. పెట్రోల్‌దీ ట్యూన్డ్ పైపే, కానీ అది పదిహేను వేల చుట్టుపక్కలే హుందాగా మోగుతుంది.

ఇక కష్టాలు. మొదటిది నీడిల్, అంటే ఇంజన్‌కి ఇంధనం ఎంత పోవాలో సరిచేసే మర. పొద్దున ఆరున్నరకి కుదిరిన సెట్టింగు ఎనిమిదిన్నరకి పనిచేయదు. ఎండెక్కే కొద్దీ గాలి పల్చబడుతుంది, ఇంధనం ఎక్కువైపోతుంది, ఇంజన్ మొద్దుబారుతుంది. మళ్లీ ఒడ్డుకు తెచ్చి రెండు క్లిక్కులు బిగించాలి. ఒక క్లిక్కు ఎక్కువైతే ఇంధనం చాలక వేడెక్కి ప్లగ్ పోతుంది. ప్లగ్ విప్పి చూస్తే తీగ సంగతి చెప్పేస్తుంది: తడిగా మెరుస్తుంటే ఇంధనం ఎక్కువ, మసకబారి మెలి తిరిగిపోతే తక్కువ. స్టాండు మీద చేసిన సెట్టింగు నీళ్లలో నిలబడదు. ఒడ్డున గాల్లో తిరిగే ప్రొపెల్లర్ వేరు, నీటిని కోసుకుపోయే ప్రొపెల్లర్ వేరు. ఇదంతా ఇష్టంగా చేసేవాళ్లున్నారు. నాకూ ఇష్టమే, కానీ ప్రతి వారం కాదు.

రెండోది ఇంధనం దొరకడం. మండే సరుకు కాబట్టి కొరియర్ వాళ్లు ముట్టుకోరు, విమానంలో రాదు, రైల్లో తేవడం నేరం. బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో సరుకు రావడమంటే రోడ్డు మార్గంలో, ఒప్పుకునే ట్రాన్స్‌పోర్ట్ దొరికితేనే. మిథనాల్ కొని సొంతంగా కలుపుకుందాం అనుకునేవాళ్లకు ఒక మాట. అది విషం. కల్తీ సారా చావులకు చాలాసార్లు కారణం అదే, అందుకే దాని అమ్మకం మీద అంత నిఘా. ఒంటికి తగిలితే చర్మం గుండా లోపలికి పోతుంది. పట్టపగలు మంట అంటుకున్నా కంటికి కనపడదు. పిల్లలున్న ఇంట్లో, సీసాల్లో పోసి దాచే వస్తువు కాదు. ధర సంగతి అడక్కండి. నేను కొన్నప్పుడల్లా లీటరుకి పెట్రోల్ మీద దాదాపు పది రెట్లు పడింది, అది కూడా ఇంతింత తాగే ఇంజన్‌కి.

మూడోది తుప్పు. మాది ఎంవీపీ కాలనీ. సముద్రం గాలికి కిటికీ గ్రిల్సే నిలవవు, బాల్ బేరింగ్ ఎంత! మిథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. నైట్రో మండాక మిగిలే తడిలో ఆమ్లం ఉంటుంది. ఆట అయ్యాక ట్యాంకు పూర్తిగా వంచేసి, ఇంజన్‌లో మిగిలింది కాలిపోయేదాకా తిప్పి, తుప్పు పట్టనివ్వని ఆఫ్టర్ రన్ ఆయిల్ చుక్కలు వేసి చేత్తో నాలుగు చుట్లు తిప్పాలి. ఇంటికెళ్లి తిన్నాక చేద్దాంలే అనుకుంటే కుదరదు. ఆ చెరువు గట్టునే చేయాలి. నా నైట్రో ఇంజన్‌కి ఇప్పటిదాకా మార్చిన వాటిలో ఎక్కువ ఖర్చు బేరింగులకే.

పెట్రోల్ ఇంజన్ పుట్టుకే వేరు. జెనోవా ఈ వరస ఇంజన్లను గడ్డి కోసే మెషిన్ల కోసం చేసింది, తర్వాత సిలిండర్ చుట్టూ నీళ్లు తిరిగే ఏర్పాటుతో పడవలకు మార్చారు. ఫ్లైవీల్‌లో అయస్కాంతం, పక్కన కాయిల్, స్పార్క్ ప్లగ్, లాగే తాడు. బ్యాటరీ అక్కర్లేదు, స్టార్టర్ బాక్సు మోయక్కర్లేదు. కార్బరేటర్ వాల్‌బ్రో. అందులో బైక్ కార్బరేటర్‌లో లాగా ఫ్లోట్ ఉండదు. క్రాంక్ కేసులో వచ్చే ఒత్తిడి హెచ్చుతగ్గులే ఒక సన్నటి డయాఫ్రంను ఆడించి పెట్రోల్ లాగిస్తాయి. పడవ ఎగిరినా, పక్కకి వాలినా సరఫరా ఆగదు. మరలు రెండు, తక్కువ చుట్లకి ఎల్ ఒకటి, ఎక్కువ చుట్లకి హెచ్ ఒకటి. రెండూ ఒక చుట్టూ పావు తెరిచి మొదలుపెడితే ఇంజన్ స్టార్ట్ అవుతుంది, ఆ పైన కొద్దిగా సరిచేసుకోవడమే. ఒకసారి కుదిరాక నెలల తరబడి నేను స్క్రూడ్రైవర్ పెట్టలేదు.

దీని అసలు లాభం నాకు ఆనందపురం వైపు గడ్డి మెషిన్లు బాగుచేసే కుర్రాడి దగ్గర తెలిసింది. కార్బరేటర్ చేతికిచ్చి కిట్టు ఉందా అని అడిగాను. తిప్పి చూసి, "ఇది మన మెషిన్‌దే కదా సార్, పడవకి ఎందుకు బిగించారు?" అన్నాడు. డబ్బాలోంచి డయాఫ్రం, గాస్కెట్ తీసి, పాత వాటి పక్కన పెట్టి కన్నాలు సరిపోల్చాడు. పావుగంటలో వేసిచ్చాడు. ప్లగ్, స్టార్టర్ తాడు, టూటీ ఆయిల్ కూడా అక్కడే. పిస్టన్, క్రాంక్ మాత్రం దీనివే తెప్పించుకోవాలి. కానీ రోజూ పాడయ్యేవి అవి కావు కదా. నైట్రోకి ఒక్క గ్లో ప్లగ్ కావాలన్నా ఆన్‌లైన్లో ఆర్డరిచ్చి ఎదురుచూడాల్సిందే.

పెట్రోల్‌కీ తలనొప్పి ఉంది, అది ఇప్పుడు బంకుల్లో పోసే ఈ20. ఇరవై శాతం ఎథనాల్. రిఫైనరీ ఉన్న ఊరే అయినా మనకేం ప్రత్యేకంగా పోయరు. ఎథనాల్‌కీ తేమంటే మిథనాల్‌కున్నంత మోజు. పెట్రోల్‌లో టూటీ ఆయిల్ కలిపి పెట్టిన డబ్బాను వదిలేస్తే, తేమ హద్దు దాటాక నీళ్లూ ఎథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి. టూటీ ఆయిల్ పైనున్న పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి లాగే పైపుకి అందేది ఆయిల్ లేని నీళ్ల మందు. పిస్టన్ పట్టేయడానికి అది చాలు. పాత రకం పైపులు గట్టిపడి చిట్లుతాయి, డయాఫ్రం బిర్రెక్కుతుంది. నేను ఏ వారానికా వారం కలుపుకుంటాను, లీటరుకి 40 మిల్లీలీటర్ల టూటీ, అంటే 25కి 1. మిగిలింది దాచను, ట్యాంకు వంచి, కార్బరేటర్ ఎండేదాకా ఇంజన్ తిప్పుతాను. ఈ20 వచ్చాక హెచ్ మరను పాత సెట్టింగు కన్నా కొద్దిగా ఎక్కువ తెరవాల్సి వచ్చింది, ఎందుకంటే ఎథనాల్‌కి గాలి తక్కువ చాలు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్‌కి డబ్బులు తగలేయకండి, మార్పులు చేయని ఇంజన్‌కి అది దండగ.

తిప్పే చోటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంజన్ ఎంపికలో దానికీ వాటా ఉంది. రుషికొండ దగ్గర అలలు ఇలాంటి పడవను నిలవనివ్వవు. ముడసర్లోవ రిజర్వాయర్‌లోవి జనం తాగే నీళ్లు, అందులో ఆయిల్ కక్కే పడవ దించకూడదు. కొండకర్ల ఆవ పక్షుల చోటు. హార్బర్ వైపు ఆలోచనే వద్దు, తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో రిమోట్ పట్టుకుని నీళ్ల వైపు చూస్తూ నిలబడితే మన కథ మనం వేరే చోట చెప్పుకోవాల్సి వస్తుంది. మిగిలింది ఊరి చెరువు. అక్టోబర్ వానలకి నిండాక ఫిబ్రవరి దాకా బాగుంటుంది. చేపల పాట పాడుకున్నాయన ఒప్పుకోవాలి. ఆయన రెండు పడవల్నీ కొన్నాళ్లు చూసి తేల్చేశాడు: "ఆ చిన్నది తేకు బాబూ, నీల్ల మీద నూనె తేలతంది. పెద్దదైతే తిప్పుకో." లెక్క వేస్తే ఆయన మాట నిజమే. నైట్రో ఇంధనంలో ఆయిల్ పదహారు నుంచి ఇరవై శాతం, అందులో చాలావరకు కాలకుండానే పైపులోంచి నీళ్లలోకి పోతుంది. పెట్రోల్ మిశ్రమంలో నాలుగు శాతం. పైగా నైట్రో నిమిషానికి తాగేది ఎక్కువ. రెండూ కలిపితే తేడా ఆరేడు రెట్లు.

గుర్రపుడెక్క, నాచు ఉన్న చెరువులో నైట్రో పడవ వేరు తగలగానే టక్కున ఆగిపోతుంది. పెట్రోల్ ఇంజన్‌కి టార్క్ ఎక్కువ, సన్నవాటిని కోసుకుపోతుంది. లావుది చుట్టుకుంటే మాత్రం ఇంజన్ ఆగదు, ఇంజన్ నుంచి ప్రొపెల్లర్‌ని తిప్పే తీగల ఫ్లెక్స్ షాఫ్ట్ మెలితిరిగి పోతుంది. ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి తెప్పించిన షాఫ్ట్ మొదటి వారమే పోగులు విడిపోయింది, మార్చివ్వమంటే జవాబు లేదు. ప్రతిసారీ షాఫ్ట్ బయటికి లాగి తుడిచి గ్రీజు పెట్టడం రెండు పడవలకీ తప్పదు. వణుకుడికి పెట్రోల్ పడవలో ప్రతి మరా వదులవుతుంది, నీలం లాక్‌టైట్ వేయకుండా ఏదీ బిగించను. ఇంకో ముఖ్యమైన తేడా: నైట్రోలో కార్బరేటర్ పూర్తిగా మూస్తే ఇంజన్ ఆగిపోతుంది. పెట్రోల్ ఇంజన్ ఐడిల్‌లోనూ పడవను మెల్లగా లాక్కుపోతూనే ఉంటుంది. సిగ్నల్ పోతే ఆగాలంటే కాయిల్‌ను షార్ట్ చేసే కిల్ స్విచ్‌ను రిసీవర్‌లోని ఫెయిల్‌సేఫ్ ఏర్పాటుకి కలపాలి. అది లేని పెట్రోల్ పడవను మా దగ్గర నీళ్లలోకి దించనివ్వం.

పోటీ మాటకొస్తే, బయటి దేశాల్లో ఈ రెండింటినీ ఒకే రేసులో దించరు. సీసీని బట్టి తరగతులు వేరు. అమెరికాలో కోడిగుడ్డు ఆకారపు కోర్సు, ఎప్పుడూ కుడివైపు తిప్పుతారు, అందుకే హల్ కుడిపక్కనే మలుపులో పడవ జారకుండా పట్టే రెక్క, టర్న్ ఫిన్ ఉంటుంది. యూరప్‌లో మోడల్ పడవల పోటీల సంస్థ నావిగా పద్ధతిలో ఎం ఆకారపు కోర్సులో చాలాసేపు సాగే రేసులున్నాయి, మధ్యలో ఒడ్డుకు తెచ్చి ఇంధనం పోసుకోవచ్చు. మా చెరువులో తరగతుల్లేవు, తెల్ల ఆయిల్ డబ్బాలు తాడుకట్టి వదిలితే అవే బోయలు. కుర్రాళ్లు రెండు పడవల్నీ కలిపే వదలమంటారు. మొదటి రెండు రౌండ్లు నైట్రో నేరుగా ఉన్నచోట ముందుంటుంది, గాలి లేస్తే చిన్న హల్ ఎగిరి తిరగబడుతుంది. లేకపోతే ఇంధనానికి ఒడ్డుకొస్తుంది. ఆలోపు పెద్దది తన దారిన తాను తిరుగుతూనే ఉంటుంది. తిరగబడ్డదాన్ని తేవడానికి థర్మాకోల్ తెప్ప మీద ఎవరో ఒకరు వెళ్లాలి. అది వచ్చాక ప్లగ్ విప్పి, పడవ బోర్లించి, సిలిండర్లో నీళ్లు పూర్తిగా పోయాకే తిప్పాలి. నీళ్లున్నప్పుడు బలవంతంగా స్టార్టర్ పెడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇది రెండింటికీ వర్తిస్తుంది.

బ్యాటరీతో తిరిగే బ్రష్‌లెస్ మోటార్ పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. పెట్టుకోవచ్చు. పొగా వాసనా లేని పడవ నాకెందుకో బొమ్మలా అనిపిస్తుంది, అది నా పిచ్చి.

సెకండ్ హ్యాండ్ పెట్రోల్ ఇంజన్ చూడటానికి వెళ్తే ముందు తాడు మెల్లగా లాగండి, కుదింపు (కంప్రెషన్) దగ్గర చెయ్యి ఆగాలి. తేలిగ్గా వచ్చేస్తే రింగు పోయినట్టే. ఫ్లైవీల్ పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, లొటలొటలాడితే బేరింగులు మార్చాలి. ఎగ్జాస్ట్ విప్పనిస్తే కన్నంలోంచి పిస్టన్ మీద నిలువు గీతలున్నాయేమో టార్చి వేసి చూడండి. నైట్రో అయితే చల్లగా ఉన్నప్పుడు ప్లగ్ బిగించి చేత్తో తిప్పండి, పైన పట్టేసినట్టు బిగుసుకోవాలి, పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉన్న ఆ బిగుతే దాని ప్రాణం. వెనక కవర్ విప్పాక బేరింగ్ మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తే ధర సగానికి తగ్గించి మాట్లాడండి.